విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్: కంపెనీకి వెళ్లే డేటా, క్లౌడ్‌కి ఎక్కే డేటా, కంప్యూటర్‌లోనే మిగిలిపోయే డేటా

“అన్నా, విండోస్ మన డేటా అంతా లాగేస్తుందంట కదా, నిజమేనా?” మా అడ్డతీగలలో కొత్తగా లాప్‌టాప్ కొన్న ప్రతి కాలేజీ కుర్రాడూ నన్ను అడిగే ప్రశ్న ఇది. యూట్యూబ్‌లో ఏదో ఒక వీడియో చూసి వస్తారు. ఆ వీడియోలో చెప్పిన టూల్ ఒకటి ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ ఆఫ్ అయిపోతాయని అనుకుంటారు.

సమాధానం చెప్పాలంటే ముందు ఆ ప్రశ్నని మూడు ముక్కలు చేయాలి. ఎందుకంటే కంప్యూటర్‌లో మన డేటా మూడు దారుల్లో పోతుంది.

1. మన సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చెప్పే సమాచారం ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిన కంపెనీకి వెళ్తుంది.
2. మన ఫైళ్లు, సెట్టింగ్స్ ఆ సిస్టమ్‌లో ఎవరి అకౌంట్ ఉంటే వాళ్ల క్లౌడ్‌కి ఎక్కుతాయి.
3. మిగతాది అదే కంప్యూటర్‌లో ఉండిపోతుంది. తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి కనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో గోలంతా మొదటి దారి గురించే. కానీ మా ఏజెన్సీలో పరిస్థితి వేరు. ఒక ఊరికి ఒకటో రెండో నెట్ సెంటర్లు. ఒక ఇంట్లో ఒకే లాప్‌టాప్, దాన్ని ముగ్గురు నలుగురు వాడతారు. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాట్, అదీ సిగ్నల్ ఉన్న చోట. క్యాస్ట్ సర్టిఫికెట్‌కి, పోడు పట్టా కాపీకి, స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి అందరూ అదే జిరాక్స్ షాపుకి వెళ్లాలి. ఇలాంటి చోట రెండో దారి, మూడో దారి చేసే నష్టమే ఎక్కువ. అందుకే ఈ ఆర్టికల్‌లో మూడింటినీ వరసగా చూద్దాం. ఏ సెట్టింగ్ దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో కూడా చెప్తాను.

ముందు కొంచెం హిస్టరీ

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. అప్పటికి ఏడాదిన్నర ముందే, 2014 ఫిబ్రవరిలో, మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. విండోస్ 7, 8.1 వాడేవాళ్లకి విండోస్ 10ని ఫ్రీగా ఇచ్చారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎక్స్‌ప్రెస్ సెట్టింగ్స్’ అని పెద్ద బటన్ ఉండేది. దాన్ని నొక్కితే దాదాపు అన్ని డేటా ఆప్షన్లకీ ‘సరే’ అన్నట్టే. వాటిని మార్చుకునే లింక్ మాత్రం చిన్న అక్షరాల్లో ఉండేది.

దీని మీద ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ 2016 జులైలో మైక్రోసాఫ్ట్‌కి నోటీసు ఇచ్చింది, 3 నెలలు టైమ్ పెట్టింది. మనం ఏ యాప్‌లు డౌన్‌లోడ్ చేశాం, ఒక్కోదాంట్లో ఎంతసేపు ఉన్నాం అన్నది కూడా విండోస్ తీసుకుంటోందని, సిస్టమ్ నడవడానికి ఆ సమాచారం అవసరం లేదని చెప్పింది. యూజర్ ఒప్పుకోకుండానే ప్రకటనల ఐడీ ఆన్ అవుతోందనీ తప్పుపట్టింది.

తర్వాత ఏమైందో చూడండి. 2017 ఏప్రిల్‌లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్‌లో ఇన్‌స్టాల్ టైమ్‌లోనే ఒక్కో ఆప్షన్‌నీ విడివిడిగా అడిగే స్క్రీన్ పెట్టారు. కనీస స్థాయిలో తీసుకునే డేటాని దాదాపు సగానికి తగ్గించారు. 2017 జూన్‌లో సీఎన్ఐఎల్ ఆ నోటీసుని మూసేసింది. 2018 ఏప్రిల్ అప్‌డేట్‌లో మన సిస్టమ్ పంపే డేటాని మనమే చూసుకునే టూల్ కూడా వచ్చింది.

ఇవాళ మీ సెట్టింగ్స్‌లో కనిపించే ఈ స్విచ్‌లు ఊరికే రాలేదు. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చాయి. వచ్చినవాటిని తెరిచి చూడకపోతే మాత్రం, డిఫాల్ట్‌గా కంపెనీ ఏది ఎంచుకుందో అదే మన నిర్ణయం అయిపోతుంది.

మొదటి దారి: కంపెనీకి వెళ్లే డేటా

విండోస్‌లో దీని పేరు డయాగ్నస్టిక్ డేటా. ఇది రెండు రకాలు.

*రిక్వైర్డ్:* మీ సిస్టమ్ మోడల్ ఏంటి, ర్యామ్ ఎంత, ఏ డ్రైవర్లు ఉన్నాయి, అప్‌డేట్ సరిగ్గా ఎక్కిందా లేదా లాంటివి. హోమ్, ప్రో ఎడిషన్లలో దీన్ని పూర్తిగా ఆపే స్విచ్ సెట్టింగ్స్‌లో లేదు.

*ఆప్షనల్:* ఇక్కడే అసలు సంగతి. ఎడ్జ్ బ్రౌజర్‌లో ఏ సైట్లు చూశారు, ఏ యాప్‌లు ఎలా వాడుతున్నారు అన్నవి ఇందులోకి వస్తాయి. ఏదైనా యాప్ క్రాష్ అయితే ఆ క్షణంలో మెమరీలో ఉన్నది కూడా వెళ్లొచ్చు. అందులో మీరు అప్పుడు తెరిచి ఉంచిన ఫైల్‌లోని భాగాలు పొరపాటున ఉండే అవకాశం ఉందని మైక్రోసాఫ్టే రాసింది. నెట్ సెంటర్ సిస్టమ్‌లో ఆ క్షణంలో తెరిచి ఉన్న ఫైల్ ఎవరిదో ఆలోచించండి. ఆ పేపర్ ఇచ్చిన మనిషిని ఈ విషయం ఎవరూ అడగలేదు.

ఆఫ్ చేసే పద్ధతి ఇదీ.

1. విండోస్ 11లో ‘సెట్టింగ్స్’ తెరిచి ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లండి. విండోస్ 10 అయితే ‘సెట్టింగ్స్’లో ‘ప్రైవసీ’.
2. ‘డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్’ నొక్కండి. ‘సెండ్ ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా’ ఆఫ్ చేయండి. విండోస్ 10లో అయితే ‘రిక్వైర్డ్’ ఎంచుకోండి.
3. అదే పేజీలో ‘టైలర్డ్ ఎక్స్‌పీరియన్సెస్’ కనిపిస్తే ఆఫ్ చేయండి. మీ డేటాని బట్టి టిప్స్, యాడ్స్ చూపించేది ఇదే.
4. కిందికి వస్తే ‘డిలీట్ డయాగ్నస్టిక్ డేటా’ అని ఉంటుంది. ఈ సిస్టమ్ నుంచి ఇంతకుముందు కంపెనీ తీసుకున్న డేటాని తీసేయమని చెప్పడానికి అది నొక్కండి.
5. వెనక్కి వచ్చి ‘జనరల్’ తెరవండి. కొత్త వెర్షన్లలో దీని పేరు ‘రికమెండేషన్స్ అండ్ ఆఫర్స్’. అందులో ‘అడ్వర్టైజింగ్ ఐడీ’ ఆఫ్ చేయండి. యాడ్స్ రావడం ఆగదు. మిమ్మల్ని గుర్తుపట్టి యాప్‌ల్లో యాడ్స్ వేసే ఆ నంబర్ ఒక్కటే ఆగుతుంది.
6. ‘స్పీచ్’లో ‘ఆన్‌లైన్ స్పీచ్ రికగ్నిషన్’, ‘ఇంకింగ్ అండ్ టైపింగ్ పర్సనలైజేషన్’ రెండూ వాడకపోతే ఆఫ్ చేయండి.
7. ‘లొకేషన్’, ‘కెమెరా’, ‘మైక్రోఫోన్’ పేజీల్లో ఏ యాప్‌కి అనుమతి ఉందో చూడండి. ఎందుకు అడుగుతోందో మీకు అర్థం కాని యాప్‌కి తీసేయండి. నిజంగా అవసరమైతే మళ్లీ అక్కడే ఆన్ చేసుకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే మీరే చూసుకోవచ్చు. ‘డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్’లో ‘వ్యూ డయాగ్నస్టిక్ డేటా’ ఆన్ చేస్తే ఒక వ్యూయర్ యాప్ వస్తుంది. దానికి డిస్క్‌లో 1 జీబీ దాకా చోటు కావాలి. వచ్చే టెక్స్ట్ మొదట గజిబిజిగా ఉంటుంది, కానీ యాప్‌ల పేర్లు, తేదీలు గుర్తుపట్టొచ్చు. కంప్యూటర్ సైన్స్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక గంట దీంతో కూర్చోండి. ఏ పుస్తకంలోనూ లేని పాఠం ఇది. చూడటం అయ్యాక ఆ స్విచ్ ఆఫ్ చేయడం మర్చిపోకండి.

ఇక ఆ ‘అన్నీ ఆపేసే’ టూల్స్ సంగతి. అవి రిజిస్ట్రీలో ఏం మారుస్తాయో మనకి కనిపించదు. కొన్ని అప్‌డేట్లని కూడా ఆపేస్తాయి. సెక్యూరిటీ అప్‌డేట్ లేని సిస్టమ్‌లో ప్రైవసీ ఉండదు. పైన చెప్పిన ఏడు స్టెప్పులు చేతితో చేస్తే చాలు, 10 నిమిషాల పని.

హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకి

రోజుకి ఇంత అని వచ్చే డేటా ప్యాక్‌తో లాప్‌టాప్ నడిపితే సాయంత్రానికి “డేటా అయిపోయింది” అని మెసేజ్ రావడం మామూలే. నింద మొత్తం టెలిమెట్రీ మీద వేస్తారు గానీ, ఎక్కువ తినేది సాధారణంగా అప్‌డేట్లు, క్లౌడ్ అప్‌లోడ్. ఈ రెండు పనులు చేయండి.

‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’లో మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి ప్రాపర్టీస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. పెద్ద అప్‌డేట్లు వాటంతట అవి దిగకుండా విండోస్ ఆగుతుంది. వన్‌డ్రైవ్ కూడా సింక్ ఆపుతుంది. ఇది ఆ ఒక్క కనెక్షన్‌కే వర్తిస్తుంది. కాబట్టి రాజమండ్రి వెళ్లి హాస్టల్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు అప్‌డేట్లన్నీ ఎక్కించుకోండి.

రెండోది, ‘విండోస్ అప్‌డేట్’లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, అందులో ‘డెలివరీ ఆప్టిమైజేషన్’. అక్కడ వేరే కంప్యూటర్లతో అప్‌డేట్ పంచుకునే ఆప్షన్ ఉంటుంది. ‘ఇంటర్నెట్’లోని సిస్టమ్‌లతో కూడా అని పెట్టి ఉంటే మీ డేటా ఖర్చుతో ముక్కూ మొహం తెలియనివాళ్లకి అప్‌డేట్ ముక్కలు వెళ్తాయి. దాన్ని ‘లోకల్ నెట్‌వర్క్’కి మార్చండి. ఒకే గదిలో నాలుగు సిస్టమ్‌లు ఉన్న నెట్ సెంటర్‌కి ఈ లోకల్ ఆప్షన్ లాభమే. ఒకటి దించుకున్నది మిగతావి పంచుకుంటాయి.

రెండో దారి: అకౌంట్ ఎవరిది?

ఇది నేను చాలా లాప్‌టాప్‌ల్లో చూస్తున్న విషయం. పట్నంలో షాపులో లాప్‌టాప్ కొంటారు. “అంతా సెట్ చేసి ఇచ్చేశాం అండీ” అంటారు షాపు వాళ్లు. ఇంటికి తెచ్చాక చూస్తే అందులో ఉన్న మెయిల్ ఐడీ షాపులో కుర్రాడిది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాత ఓనర్‌ది. లాప్‌టాప్ మీ డబ్బుతో కొన్నా, విండోస్ లెక్కలో ఓనర్ ఆ మెయిల్ ఐడీయే.

దీనివల్ల రెండు ఇబ్బందులు.

*ఫైళ్లు:* మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ 11 సెట్ చేస్తే వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ చాలాసార్లు దానంతటదే ఆన్ అవుతోంది. అంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో పెట్టిందంతా ఆ అకౌంట్ క్లౌడ్‌కి వెళ్తుంది. ఫ్రీ స్టోరేజ్ 5 జీబీ. అది నిండాక “స్టోరేజ్ కొనండి” అని మెసేజ్‌లు మొదలవుతాయి. నెట్ సెంటర్ సిస్టమ్‌లో డెస్క్‌టాప్ మీద స్కాన్ సేవ్ చేస్తే, మీ నాన్నగారి పట్టా కాపీ ఓనర్ క్లౌడ్‌లో కూర్చుంటుంది. ఓనర్‌కే ఆ సంగతి తెలియకపోవచ్చు. సిస్టమ్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో వెంటనే మాయమవదు, అక్కడి రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్లు ఉంటుంది.

*తాళం:* కొత్త విండోస్ 11 సిస్టమ్‌ల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అవుతుంది. మంచిదే, లాప్‌టాప్ పోయినా డేటా ఎవరూ చదవలేరు. కానీ దాని రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అవుతుంది. అకౌంట్ షాపు కుర్రాడిదైతే కీ కూడా అతని దగ్గరే. ఏదైనా రిపేర్ తర్వాత సిస్టమ్ 48 అంకెల కీ అడిగితే మీరు అతని ఫోన్ నంబర్ వెతుక్కోవాలి.

చేయాల్సింది:

1. ‘సెట్టింగ్స్’లో ‘అకౌంట్స్’, ‘యువర్ ఇన్ఫో’ చూడండి. అక్కడ మీకు తెలియని మెయిల్ ఉంటే ఆ సిస్టమ్‌లో సొంత ఫైళ్లేవీ పెట్టకండి. ముందు రీసెట్ చేయండి.
2. రీసెట్ కోసం ‘సిస్టమ్’, ‘రికవరీ’, ‘రీసెట్ దిస్ పీసీ’, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’. తర్వాత మీ సొంత మెయిల్‌తో సెట్ చేసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్లు ఇక్కడే ‘చేంజ్ సెట్టింగ్స్’ నొక్కి ‘క్లీన్ డేటా’ కూడా ఆన్ చేయండి. టైమ్ ఎక్కువ పడుతుంది గానీ పాత ఫైళ్లు తిరిగి తీయడం కష్టమవుతుంది. కరెంటు పోయే టైమ్‌లో మొదలుపెట్టకండి, చార్జర్ పెట్టి ఉంచండి.
3. టాస్క్‌బార్‌లో వన్‌డ్రైవ్ మేఘం గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ బ్యాకప్’ తెరవండి. ఏ ఫోల్డర్లు ఎక్కాలో మీరే నిర్ణయించండి. ఆపే ముందు ఫైళ్లు సిస్టమ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని క్లౌడ్‌లో మాత్రమే ఉండొచ్చు.
4. మీ రికవరీ కీని ఒక నోట్‌బుక్‌లో రాసి ఇంట్లో పెట్టుకోండి. పాతకాలం పద్ధతే, కానీ సిగ్నల్ లేని ఊళ్లో పనికొచ్చేది అదే.

డేటా కూడా ఒక ధరే అని అర్థం కావడానికి ఒక తాజా ఉదాహరణ. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే మైక్రోసాఫ్ట్ కొన్ని దారులు ఇచ్చింది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా 1,000 రివార్డ్ పాయింట్లు ఇవ్వొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి మీ పీసీ సెట్టింగ్స్ క్లౌడ్‌కి సింక్ చేస్తే ఫ్రీ. పాత సిస్టమ్ ఉన్నవాళ్లకి నేను ఆ ఫ్రీ దారే చెప్తున్నాను, ఎందుకంటే అప్‌డేట్ లేకపోవడం ఇంకా ప్రమాదం. కానీ అక్కడ ‘ఫ్రీ’ అంటే 30 డాలర్లకి బదులు మీరు ఇంకోటి ఇస్తున్నారని తెలిసి ఇవ్వండి. ఫోల్డర్ బ్యాకప్ మాత్రం ఆపుకోండి.

మూడో దారి: కంప్యూటర్‌లో మిగిలిపోయేది

ఇప్పుడు నెట్ సెంటర్‌కి వద్దాం. సంత రోజు మధ్యాహ్నం ఏ నెట్ సెంటర్ సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచినా కనిపించేది ఇదే: ఆధార్ పీడీఎఫ్‌లు, బ్యాంక్ పాస్‌బుక్ ఫోటోలు, మార్క్స్ మెమోలు, రేషన్ కార్డులు, వరసగా. సెంటర్ నడిపే అన్న చెడ్డోడేం కాదు. బయట లైన్ పెద్దగా ఉంటుంది, ఒకరి పని అవగానే ఇంకొకరిది మొదలుపెడతాడు. డిలీట్ చేసే తీరిక ఉండదు.

ఒక పీడీఎఫ్‌తో ఏమవుతుందిలే అనుకోకండి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజుల స్కాన్లు డౌన్‌లోడ్ చేసి, వాటి మీదున్న వేలిముద్రలని, ఆధార్ నంబర్లని తీసుకున్నాడు. రబ్బరు స్టాంపులు చేసే మెషిన్‌తో నకిలీ వేలిముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. హ్యాకింగ్ లేదు, వైరస్ లేదు. కావాల్సింది ఒక స్కాన్ కాపీ, అంతే. మన ప్రాంతంలో చాలామంది పెద్దవాళ్లకి వేలిముద్రే సంతకం, వేలిముద్రే ఏటీఎం కూడా. కాబట్టి స్కాన్ అయిన ఒక్కో పేపర్ విలువ మనకి ఇంకా ఎక్కువ.

అదే 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు అందరికీ కనిపిస్తున్నాయని హైదరాబాద్‌కి చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అంతకుముందు ఏడాది ఉపాధి హామీ చెల్లింపుల సైట్ల గురించి కూడా ఆయన ఇంకొకరితో కలిసి రిపోర్ట్ రాశారు. పెద్ద ఆఫీసుల వెబ్‌సైట్లైనా, మన పక్కనున్న డౌన్‌లోడ్స్ ఫోల్డరైనా గుణం ఒకటే. పని అయిపోయాక కూడా డేటా అక్కడే ఉండిపోయింది, తలుపు తెరిచి ఉంది.

*నెట్ సెంటర్ నడిపేవాళ్లకి:*

1. ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, ‘స్టోరేజ్’, ‘స్టోరేజ్ సెన్స్’ ఆన్ చేయండి. అందులో ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్‌కి డిఫాల్ట్ ‘నెవర్’ అని ఉంటుంది. దాన్ని 1 రోజుకి మార్చండి. తెరవని ఫైళ్లని అదే ఊడ్చేస్తుంది. రీసైకిల్ బిన్‌కి కూడా 1 రోజు పెట్టండి. మీ సొంత ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లో ఉంటే ముందే వేరే ఫోల్డర్‌కి మార్చుకోండి.
2. స్కానర్ ఫైళ్లు కూడా డౌన్‌లోడ్స్‌లోకే సేవ్ అయ్యేలా మార్చండి. అప్పుడు ఒకే చోట శుభ్రం చేస్తే చాలు.
3. కస్టమర్లు కూర్చునే సిస్టమ్‌లో మీ అడ్మిన్ అకౌంట్ ఇవ్వకండి. ‘అకౌంట్స్’, ‘అదర్ యూజర్స్’లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ఒక లోకల్ యూజర్‌ని చేయండి. దాంట్లో వన్‌డ్రైవ్‌కి సైన్ ఇన్ చేయకండి.
4. బ్రౌజర్‌ని గెస్ట్ మోడ్‌లో ఇవ్వండి. మూసేయగానే హిస్టరీ, లాగిన్లు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ మాత్రం పోదు, అందుకే మొదటి స్టెప్ కావాలి.
5. ‘క్లిప్‌బోర్డ్ హిస్టరీ’ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ కీ, వి కలిపి నొక్కగానే ముందు కాపీ చేసిన ఆధార్ నంబర్లు, అకౌంట్ నంబర్లు వరసగా కనిపిస్తాయి.

*పని చేయించుకునేవాళ్లకి:*

1. వాట్సాప్ వెబ్‌లో లాగిన్ అయితే లేచేముందు మీ ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి లాగ్ అవుట్ చేయండి. లేకపోతే మీ చాట్స్ ఆ సిస్టమ్‌లో తెరుచుకునే ఉంటాయి.
2. ఆధార్ నంబర్ మొత్తం అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి.
3. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ పెట్టే వీలుంది. కానీ రేషన్, పింఛన్, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేయాల్సిన రోజు ముందుగా అన్‌లాక్ చేయాలి. ఆ పని గుర్తుంచుకుని చేసే మనిషి ఇంట్లో ఉంటేనే పెట్టండి. లేకపోతే అవ్వ రేషన్ షాపు నుంచి ఖాళీ చేతులతో తిరిగొస్తుంది.
4. “అన్నా, నా ఫైల్ డిలీట్ చేసెయ్యవా” అని అడగండి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. రెండు సెకన్ల పని. ఎవరూ తప్పుగా అనుకోరు.

ఈ మూడో దారి ముందు ముందు ఇంకా పెద్దదవుతుంది. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ అనే ఫీచర్ ప్రకటించింది. స్క్రీన్ మీద కనిపించేదాన్ని కొద్ది సెకన్లకోసారి ఫోటో తీసి దాచి, తర్వాత వెతుక్కోనిస్తుంది. డేటా కంపెనీకి వెళ్లదు, మీ సిస్టమ్‌లోనే ఉంటుంది అన్నారు. కానీ ఆ దాచిన డేటాని సులభంగా చదివేయొచ్చని సెక్యూరిటీ పరిశోధకులు చూపించాక విడుదల ఆపారు. మార్పులు చేసి, మనం ఒప్పుకుంటేనే ఆన్ అయ్యేలా, తెరవడానికి ముఖమో వేలిముద్రో పిన్నో అడిగేలా 2025 ఏప్రిల్‌లో ఇచ్చారు. కోపైలట్ ప్లస్ పీసీల్లో మాత్రమే ఉంది. పదిమంది వాడే సిస్టమ్‌లో ఇది ఆన్ చేయకండి.

లైనెక్స్, మ్యాక్ అయితే?

మ్యాక్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో ‘అనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్’ దగ్గర ఇలాంటి స్విచ్‌లే ఉంటాయి. లైనెక్స్ అయితే పంపే డేటా చాలా తక్కువ. పాత లాప్‌టాప్‌కి లైనెక్స్ మింట్ మంచి ఆప్షన్. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకునేలా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. అయితే లైనెక్స్ అనగానే కళ్లు మూసుకోవద్దు. 2012లో ఉబుంటు 12.10లో సిస్టమ్ సెర్చ్‌లో టైప్ చేసిన పదాలు అమెజాన్ ఫలితాల కోసం బయటికి వెళ్లేవి. పెద్ద గొడవ అయ్యాక 16.04 నుంచి డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారు. ఇంకో మాట, మూడో దారి లైనెక్స్‌లోనూ అంతే ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి ఏ ఆపరేటింగ్ సిస్టమైనా ఒకటే.

చట్టం ఏమంటుంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది జడ్జిల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని రూల్స్ వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. మనకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏదో ఒకదాంట్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. మా కొండల్లో మాట్లాడే కోయ భాష అందులో లేదు. ఆ ఇళ్లలో పెద్దవాళ్లకి ఆ నోటీసు చదివి వాళ్ల మాటల్లో చెప్పాల్సింది ఇంట్లో చదువుకున్న పిల్లలే. అంటే, ఈ ఆర్టికల్ చదువుతున్న మీరే.

ఏది ముందు చేయాలి?

టైమ్ లేకపోతే ఈ వరసలో చేయండి. మొదట అకౌంట్ ఎవరిదో చూడండి. తర్వాత వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్. తర్వాత డౌన్‌లోడ్స్ శుభ్రం. ఆ తర్వాతే ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా, అడ్వర్టైజింగ్ ఐడీ. ఆన్‌లైన్‌లో చెప్పే వరసకి ఇది తలకిందులు. మనం కంప్యూటర్ వాడే తీరుకి మాత్రం ఇదే సరైన వరస. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఈ సెట్టింగ్స్ మళ్లీ ఒకసారి చూసుకోండి, కొత్త ఆప్షన్లు వచ్చి చేరుతుంటాయి.

మీ సిస్టమ్ అయిపోయాక, మీరు ఎప్పుడూ వెళ్లే నెట్ సెంటర్‌లో అన్నకి స్టోరేజ్ సెన్స్ ఒక్కటి పెట్టిచ్చి రండి. ఐదు నిమిషాలు పడుతుంది. ఆ సెంటర్‌కి వచ్చే ప్రతి ఇంటి కాగితాలకీ అది పనికొస్తుంది.